బావ ఆర్మీ డ్రెస్ అంటున్నాడు, నాన్న వద్దంటున్నారు

ఈ వారం ఉత్తరం అనంతపురం నుంచి వచ్చింది. రాసిన అబ్బాయికి 24 ఏళ్లు. టవర్ క్లాక్ దగ్గర జిరాక్స్, ఆన్‌లైన్ సర్వీసుల షాపు నడుపుతున్నాడు. ఏడుగురు కుర్రాళ్లు కలిసి పెయింట్‌బాల్ టీమ్ పెట్టుకున్నారు. రంగు నింపిన బంతులను పేల్చి అవతలి జట్టువాళ్లను ఔట్ చేసే ఆట ఇది. నెలకోసారి బెంగళూరు వెళ్లి ఆడతారు. మిగతా ఆదివారాలు బుక్కరాయసముద్రం అవతల మేనమామ గారి బీడులో డ్రమ్ములు, ఇసుక బస్తాలు పెట్టుకుని పరిగెత్తడం, వంగడం, పాకడం సాధన చేస్తారు. వచ్చే నెలలో బెంగళూరులో మొదటిసారి టోర్నమెంట్‌కు దిగుతున్నారు. ఐదుగురు ఆడతారు, ఇద్దరు ఎక్స్‌ట్రా.

కెప్టెన్ మేనమామ కొడుకు, ఈ అబ్బాయికి బావ. వైశాఖంలో అక్కను చేసుకోబోతున్నది కూడా ఆయనే. అందరికీ ఆర్మీ ప్రింట్ డ్రెస్ కొనాలని బావ పట్టుబట్టాడు. సెట్ 3,400 రూపాయలు, ఏడు సెట్లకు 23,800. టీమ్ డబ్బు మొత్తం 31,000, అది ఈ అబ్బాయి చేతిలోనే ఉంది. బెంగళూరులో ఒక షాపుకు 5,000 అడ్వాన్సు ఇప్పటికే వెళ్లిపోయింది. శాంపిల్‌గా వచ్చిన సెట్ వేసుకుని పోయిన నెల ప్రాక్టీస్ మ్యాచ్ ఆడితే, నిలువు బంకర్ (దాక్కోవడానికి మైదానంలో పెట్టే అడ్డు) వెనక కదలకుండా నిలబడ్డా అర నిమిషంలోపే ఔటయ్యాడు. "నువ్వు సరిగ్గా దాక్కోలేదు" అన్నాడు బావ. ఇంట్లో ఇంకో చిక్కు. నాన్న సైన్యంలో 17 ఏళ్లు చేసి హవల్దారుగా రిటైరయ్యారు. శాంపిల్ డ్రెస్ చూసి, దాన్ని చక్కగా మడిచి మంచం మీద పెట్టి, "ఇది ఆడుకునే గుడ్డ కాదు నాయనా" అని బయట అరుగు మీదికి వెళ్లి కూర్చున్నారు. ఆ రోజు నుంచి ఆట గురించి ఒక్క మాట అడగలేదు. టీమ్‌లో ఇద్దరు స్నేహితులు చాటుగా "మా దగ్గర ఇంక డబ్బుల్లేవు" అని చెప్పారు. బావకేమో "మామది పాతకాలపు పట్టింపు" అనిపిస్తోంది.

"అసలు పోటీల్లో ఆ డ్రెస్ పనికొస్తుందా? పనికిరాకపోతే, పెళ్లి చెడకుండా బావకు ఎలా చెప్పాలి? నాన్నను ఎలా మాట్లాడించాలి? టోర్నమెంట్‌కు ఆయన్ను తీసుకెళ్లొచ్చా?" అని అడిగాడు.

తమ్ముడూ,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నేను ఈ ఆట కొన్నేళ్లు ఆడి, తర్వాత కొన్నేళ్లు రెఫరీగా నిలబడ్డవాణ్ని కాబట్టి ముందు డ్రెస్ సంగతి చెబుతాను. అది తేలితే మిగతా రెండింటికీ దారి దొరుకుతుంది.

మీ బావ మాట గాలిలోంచి పుట్టింది కాదు. ఈ ఆట పుట్టిందే అడవిలో. 1981 జూన్ 27న అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో 12 మంది మొదటిసారి ఆడారు. వాళ్ల చేతుల్లో ఉన్నవి చెట్లకు, పశువులకు రంగు గుర్తు వేయడానికి చేసిన పరికరాలు. జెండాలన్నీ సేకరించి గెలిచినతను అడవుల పని తెలిసిన మనిషి, పేరు రిచీ వైట్. ఒక్క బంతి కూడా పేల్చకుండా గెలిచాడు. ఎవరి కంటా పడకుండా తిరగగలిగాడు కాబట్టే గెలిచాడు. బావ మనసులో ఉన్న ఆట అదే. అలాంటి అడవి ఆట ఇప్పటికీ ఉంది, అందులో ఆ డ్రెస్‌కు అర్థం కూడా ఉంది.

కానీ మీరు వెళ్తున్నది ఆ ఆటకు కాదు. 1990ల్లో గాలి ఊదిన బంకర్లు వచ్చాక పోటీల ఆట చాలావరకు మైదానంలోకి మారింది. పచ్చటి టర్ఫ్, దాని మీద రంగురంగుల బంకర్లు, చుట్టూ వల. పెద్ద పోటీల్లో మైదానం సుమారు 45 మీటర్ల పొడవు, 36 మీటర్ల వెడల్పు ఉంటుంది. ఇటు ఎలా ఉంటే అటూ అలాగే, అద్దంలో చూసినట్టు ఉంటుంది. ఏ బంకర్ ఎక్కడుందో రెండు జట్లకూ ఆటకు ముందే కంఠతా వచ్చి ఉంటుంది. మీరు దాక్కునే చోట్లు ఓ రెండు డజన్లు ఉంటాయి, ఆ రెండు డజన్లూ అవతలివాడి నోట్‌బుక్‌లో ఉంటాయి.

హారన్ మోగిన మొదటి ఐదు సెకన్లు గుర్తు తెచ్చుకోండి. అవతలి జట్టులో వెనక ఉండే ఇద్దరు ముగ్గురు మిమ్మల్ని వెతకరు. రెండు బంకర్ల మధ్య సందు చూసుకుని అక్కడికి బంతులు వరసగా పంపుతూ ఉంటారు. దాన్నే మనవాళ్లు లేన్ అంటారు. మనిషి రాబోయే చోటును కొడతారన్న మాట. మీరు ఆకుపచ్చ వేసుకున్నా, కనకాంబరం రంగు వేసుకున్నా ఆ సందులోంచే దూకాలి. తర్వాత మీరు ఏ బంకర్‌లో చేరారో చూసినవాడు గట్టిగా అరిచి జట్టంతటికీ చెబుతాడు. అక్కడి నుంచి మీరు ఎక్కడున్నారన్నది రహస్యం కాదు. ఎప్పుడు, ఏ వైపు నుంచి తల బయట పెడతారన్నదే వాళ్లు కాచుకునేది.

పోయిన నెల మీరు ఔటైంది అందుకే. తప్పు దాక్కోవడంలో లేదు. మీరు దాక్కోవడమే పనిగా పెట్టుకున్నారు. కదలకుండా నిలబడేసరికి అవతలివాళ్లలో ఒకడు మిమ్మల్ని అక్కడే కట్టిపడేశాడు, ఇంకొకడు పక్కకు జరిగి కొట్టాడు. ఈ ఆటలో మౌనంగా ఉండటం కూడా నష్టమే. ఎదురుగా ఎవరు, ఎక్కడ, ఎందరు మిగిలారో మీరు అరుస్తూ ఉండాలి. అరిచే మనిషికి దాగుడు డ్రెస్ ఎందుకు చెప్పండి?

రెఫరీగా నేను చూసినదొకటి చెబుతాను. ఒకసారి ఒక కుర్రాడు ఇలాంటి మచ్చల డ్రెస్‌లో ఆడుతున్నాడు. నడుముకు కట్టిన బంతుల డబ్బాల కింద, వెనకవైపు బంతి పగిలింది. అవతలి జట్టు అరుస్తోంది. నేను పరిగెత్తి వెళ్లి చూస్తే ఆకుపచ్చ, గోధుమ, నలుపు మచ్చలు తప్ప ఏమీ కనబడలేదు. మోకాళ్ల మీద కూర్చుని మొహం దగ్గర పెట్టి, వేలితో తడిమితే అప్పుడు జిగురుగా తగిలింది. అతను మోసం చేయలేదు, తగిలినట్టు అతనికే తెలియలేదు. కానీ ఆ లోపల అతను ఇంకా పేలుస్తూనే ఉన్నాడు. తగిలాక ఆడితే పెనాల్టీ ఉంటుంది. అతనితో పాటు అతని జట్టులో ఇంకొకరినీ బయటికి పంపాల్సి వచ్చింది. ఆ పిల్లవాడు మాస్క్ లోపల ఏడుస్తున్నాడని వాడి భుజాలు చూస్తే తెలిసింది. ఒకే రంగు చొక్కా అయితే మరక నాకూ కనబడేది, వాడి పక్కవాడికీ కనబడేది.

మరి పోటీ ఆటకు బట్టలతో పని లేదా అంటే, చాలా ఉంది. బంతి తగిలి పగిలితేనే ఔట్. తగిలి పగలకుండా ఎగిరిపోతే ఔట్ కాదు. అందుకే జెర్సీ వదులుగా, మెత్తగా ఉండాలి. బిగుతుగా, గట్టిగా ఉన్న గుడ్డ మీద బంతి సులువుగా పగులుతుంది. నిండు చేతులు, మోచేతుల దగ్గర కాస్త మెత్త, గాలి ఆడే గుడ్డ కావాలి. మార్కెట్‌లో దొరికే ఆర్మీ ప్రింట్ సెట్లు చాలావరకు మందం గుడ్డవి. చెమట పట్టాక బరువెక్కి ఒంటికి అంటుకుపోతాయి. మన ఎండల్లో రెండు గంటలు ప్రాక్టీస్ చేసి చూసిన మీకు నేను చెప్పాలా. జట్టంతా ఒకే రంగు వేసుకుంటే తొందరలో మన మనిషిని మనమే కొట్టే ప్రమాదం కూడా తగ్గుతుంది.

డబ్బు లెక్క కూడా చూద్దాం. 31,000లో 23,800 బట్టలకు పోతే మిగిలేది 7,200. అందులోనే ఎంట్రీ ఫీజు, ఏడుగురి ప్రయాణం, తిండి, రంగు బంతులు. బంతుల కేసు ఒకటి అంటే 2,000 బంతులు. లేన్ వేయడం నేర్చుకునే ఐదుగురికి అవి ఎంతసేపు వస్తాయో మీకు తెలుసు. నన్నడిగితే మొదటి ఖర్చు మాస్కుల మీద పెడతాను. అద్దె మాస్క్ చెమటకు మసకబారి, ఎదుటివాడు కనబడక ఔటైనవాళ్లు నాకు లెక్కలేనంతమంది తెలుసు. రెండు పొరల థర్మల్ లెన్స్ ఉన్న మాస్క్ ఆ బాధను చాలావరకు తగ్గిస్తుంది. ఆ తర్వాత మోకాలి ప్యాడ్లు, మంచి పట్టున్న బూట్లు. బట్టల గురించి టోర్నమెంట్ నిర్వాహకుల రూల్స్ ఏమిటో ఇవాళే మెసేజ్ పెట్టి అడగండి. జట్టంతా ఒకేలాంటి జెర్సీ వేయాలని కొన్నిచోట్ల ఉంటుంది.

ఇక బావ సంగతి. మీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర నేను ఆగాను. "దిగగానే అవతలివాళ్లు భయపడాలి" అన్నాడట. అంటే ఆయనకు కావలసింది దాక్కోవడం కాదు తమ్ముడూ, ఒక జట్టులా కనబడటం. అనంతపురం నుంచి మొదటిసారి వెళ్తున్న ఏడుగురు, బెంగళూరు జట్ల ముందు తక్కువగా కనబడకూడదన్న ఆరాటం అది. ఆ ఆరాటం మంచిదే, అది అందరిలోనూ ఉండాలి. దాన్ని కాదనకుండా, డ్రెస్ ఒక్కటే కాదనండి.

మీ ముందు కొన్ని దారులున్నాయి. బావ మాటే వినేసి డబ్బు కట్టేయొచ్చు. ఇంట్లో పైకి గొడవ ఉండదు. కానీ ఆ ఇద్దరు స్నేహితులు చెప్పకుండానే టీమ్ వదిలేస్తారు, నాన్న అరుగు మీద నుంచి లేవరు. రేపు ఓడిపోతే డబ్బు పెట్టెవాడిగా మీ మీదే మాట వస్తుంది. రెండోది, అందరి ముందు కాదనడం. వాట్సాప్ గ్రూపులో "బావా, ఇది వేస్ట్" అని పెట్టడం. మీ మాట నిజమే అయినా, జట్టంతటి ముందు కెప్టెన్‌ను, కాబోయే ఇంటల్లుణ్ని తగ్గించినట్టవుతుంది. ఆ మాట పెళ్లి పనుల్లో ఎక్కడో ఒకచోట, విడిది గది దగ్గరో, బట్టలు పెట్టే దగ్గరో, మళ్లీ లేస్తుంది. దయచేసి ఆ పని చేయకండి.

నాకు నచ్చేది బావ కళ్లతోనే చూపించడం. వచ్చే ఆదివారం మీ మామ బీడులోనే పెట్టండి. ఒకరికి శాంపిల్ ఆర్మీ డ్రెస్, ఒకరికి వెలిసిపోయిన ఖాకీ లేదా మట్టి రంగు చొక్కా, ఇంకొకరికి ఎర్ర జెర్సీ. బావ వెనక్కి తిరిగి నిలబడాలి. ముగ్గురూ యాభై అడుగుల దూరంలో కంప చెట్ల దగ్గర కదలకుండా కూర్చోవాలి. బావ తిరిగి చూసి ఎవరు ముందు కనబడ్డారో చెప్పాలి. తర్వాత అదే దూరంలో ముగ్గురూ ఒక కంప నుంచి ఇంకో కంపకు పరిగెత్తాలి. ఆఖరున డ్రమ్ముల మధ్య, ఎవరు ఏ డ్రమ్ము వెనక ఉన్నారో చెప్పేసి ఆడాలి.

ఏం జరుగుతుందో నేను చాలావరకు ఊహించగలను. కదలకుండా ఉన్నప్పుడు ఎర్ర జెర్సీ వెంటనే దొరికిపోతుంది. ఆర్మీ డ్రెస్, మట్టి చొక్కాల్లో మట్టి చొక్కాయే ఎక్కువసేపు నిలుస్తుందని నా నమ్మకం. ఆ ప్రింట్ దట్టమైన పచ్చటి అడవికి వేసినది. మన నేల ఎర్రమట్టి, ఎండిన గడ్డి, బూడిదరంగు గుండ్లు. శెనక్కాయ పీకేసిన చేలో అంత పచ్చదనం ఎక్కడుంది? గొర్రెల కాపరి గొంగడి కప్పుకుని గుండు పక్కన కూర్చుంటే దగ్గరికి వెళ్లేదాకా తెలియదు, ఆయన ఏ ప్రింటూ వేసుకోడు. పరిగెత్తినప్పుడు మాత్రం ముగ్గురూ ఒకేసారి కనబడతారు. మన కన్ను ముందు పట్టేది కదలికనే. బీడులో నడుస్తుంటే కౌజు పిట్ట కాలి దగ్గరికొచ్చేదాకా కనబడదు, బుర్రుమని లేచాక ఇక కళ్లు దాన్ని వదలవు. డ్రమ్ముల దగ్గరికొచ్చేసరికి రంగుతో పనే ఉండదు. ఒకవేళ మొదటి ఆటలో ఆర్మీ డ్రెస్సే గెలిస్తే దాన్ని కూడా ఒప్పుకోండి. "అడవి ఆటకు వెళ్లినప్పుడు పనికొస్తుంది బావా" అనండి, అది నిజమే కాబట్టి.

ఆ సాయంత్రమే, మీరిద్దరే ఉన్నప్పుడు, జెర్సీ మాట ఎత్తండి. రంగు, పేరు, వెనక నంబర్లు బావనే ఎంచుకోమనండి. బెంగళూరులో వల బయట నిలబడ్డవాళ్లందరికీ "అనంతపురం" అని తెలుగు అక్షరాల్లో కనబడాలని చెప్పండి. మచ్చల డ్రెస్‌లో అది కనబడదు. డబ్బు ఇబ్బంది చెప్పుకున్న స్నేహితుల పేర్లు మాత్రం బయట పెట్టకండి, మిగిలే డబ్బు లెక్క చూపిస్తే చాలు.

అడ్వాన్సు 5,000 గురించి. షాపువాళ్లను ఆ డబ్బుకు మోకాలి ప్యాడ్లో, చేతి గ్లౌజులో ఇవ్వమని అడగండి. ఒప్పుకోవచ్చు. ఒప్పుకోకపోతే ఆ ఐదు వేలు పోయాయని ఇంకో 18,800 దాని వెంట పంపకండి. ఆ నష్టం టీమ్ ఖాతాలో రాయండి, బావ ఒక్కడి నెత్తిన వేయొద్దు. ఆయన అందరి కోసమే ఇచ్చాడు.

ఇప్పుడు నాన్న. ఇక్కడ కాస్త నెమ్మదిగా వెళ్దాం.

చట్టం మాట ముందు చెప్పేస్తాను. సైనికుణ్నని నమ్మించే ఉద్దేశంతో సైనిక దుస్తుల్లాంటివి వేసుకుంటే భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షన్ కింద నేరం. మూడు నెలల దాకా జైలు, రెండు వేల దాకా జరిమానా, లేదా రెండూ ఉండొచ్చు. అందులో కీలకం నమ్మించే ఉద్దేశం. వల లోపల ఆడుకునేవాడికి ఆ ఉద్దేశం ఉండదు. అయినా ఏడుగురు ఆ బట్టల్లో కారెక్కి బెంగళూరు దారిలో కొడికొండ చెక్‌పోస్టు దగ్గర ఆగితే, ప్రతి ఒక్కరికీ వివరం చెప్పుకోవాల్సి వస్తుంది. 2016 జనవరిలో పఠాన్‌కోట్ దాడి చేసినవాళ్లు సైనిక దుస్తుల్లో వచ్చారు. ఆ తర్వాత ఇలాంటి బట్టలు వేసుకోవద్దని సైన్యమే పౌరులకు విజ్ఞప్తి చేసింది. 2022 జనవరి 15న, సైనిక దినోత్సవం నాడు చూపించిన కొత్త డిజిటల్ ప్రింట్ డిజైన్ మీద సైన్యం హక్కులు కూడా నమోదు చేయించుకుంది. మీ శాంపిల్ ఆ ప్రింట్‌ను పోలి ఉంటే, అడవి ఆటకు కూడా దాన్ని వాడకండి.

కానీ నాన్న చట్టం చెప్పలేదు. డ్రెస్‌ను విసిరేయలేదు, తిట్టలేదు. మడిచి పెట్టారు. ఆ ఒక్క పని నా కళ్ల ముందు నుంచి పోవడం లేదు. 17 ఏళ్లు రోజూ రాత్రి ఆ గుడ్డను అలాగే మడిచి పెట్టుకున్న చేతులవి. దాన్ని వేసుకుని వెళ్లి తిరిగి రాని స్నేహితులు ఆయనకు ఉండి ఉండొచ్చు, ఆ సంగతి ఇంట్లో ఎప్పుడూ చెప్పి ఉండకపోవచ్చు. మీ బావ అన్న పాతకాలపు పట్టింపు ఇది కాదు. అలాగని ఆయనకు మీ ఆట నచ్చలేదనీ కాదు. ఆయన వద్దన్నది గుడ్డను. మీరు దాన్ని ఆటను వద్దన్నట్టు విన్నారు, అందుకే ఇద్దరూ మాటలు మానేశారు.

ఆయన్ను "ఎందుకు వద్దన్నావు" అని అడగకండి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం ఆయనకు కష్టం. దానికి బదులు పని అడగండి. వస్తువులు ఎందుకు కనబడతాయి అన్నది సైన్యంలో మొదట్లోనే నేర్పే పాఠం. ఎన్‌సీసీ పిల్లలకు కూడా చెబుతారు. ఆకారం, మెరుపు, నీడ, ఆకాశం మీద పడే రూపురేఖ, కదలిక, ఇలా వరసగా ఉంటుంది. ఆదివారం పరీక్షకు ఆయన్ను బీడుకు తీసుకెళ్లండి. "నాన్నా, మేం ఎక్కడ దొరికిపోతున్నామో చూసి చెప్పు" అనండి. మాస్క్ అద్దం ఎండకు మెరవడం, మోచేయి డ్రమ్ము దాటి బయటికి రావడం, నీడ ముందుగా బయట పడటం, ఇవన్నీ ఆయన కళ్లు మీ అందరికంటే ముందు పట్టుకుంటాయి. మెరుపు, నీడ, మోచేయి పోటీ మైదానంలో కూడా పనికొచ్చేవే. పైగా మీరు చెబితే వాదనయ్యే మాట, మామ నోట వస్తే బావ చేతులు కట్టుకుని వింటాడు.

ఇందులో ఒక ప్రమాదం లేకపోలేదు. ఆ డ్రెస్ మళ్లీ చూడగానే నాన్న కోపంగా ఒక మాట అనేయొచ్చు, బావ కూడా నొచ్చుకోవచ్చు. అందుకే ముందు రోజు రాత్రే చెప్పండి: "నాన్నా, ఆ డ్రెస్ మ్యాచ్‌లో వేయం, రేపు ఒక్కసారి పోల్చి చూడటానికే వాడతాం." అప్పుడు కూడా వద్దంటే ఆ పరీక్షలో శాంపిల్‌ను తీసేసి, ఏదో పచ్చ చొక్కా పెట్టండి. పరీక్ష కాస్త పలచబడుతుంది, ఆయన మాట నిలుస్తుంది. నేనైతే ఆయన మాటే నిలబెడతాను. ఆయన రానంటే బలవంతపెట్టకండి, వచ్చే ఆదివారం మళ్లీ అడగండి.

బెంగళూరుకు తీసుకెళ్లొచ్చా అన్నారు. తప్పకుండా తీసుకెళ్లండి. చూసేవాళ్లను వల బయట నిలబెడతారు. వల లోపలికి అడుగు పెడితే మాత్రం ఆడేవాళ్లయినా కాకపోయినా మాస్క్ ఉండాల్సిందే, ఆ బంతి సెకనుకు దాదాపు 90 మీటర్ల వేగంతో వస్తుంది. ఆయనకు కళ్లద్దాలు ఉంటే, వాటి మీద పట్టే మాస్క్ ఒకటి పక్కన పెట్టమని నిర్వాహకులకు ముందే ఫోన్ చేసి చెప్పండి.